స్కాట్లండ్ ఓటుకు ముహూర్తం

బర్మాలో, యాంగోన్ నగరంలోని చౌక్తడా పేటలో నారాయణగారి టీ కొట్టు చిన్నది. అందుకే గ్లాస్గో నుంచి వచ్చిన ఇయన్ అనే పర్యాటకుడు నా బల్ల దగ్గరే కూర్చోవాల్సి వచ్చింది. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం నారాయణగారిది. ఆయనకు ఇంగ్లీషు మీద ఆసక్తి లేదు, మనుషుల మీద ఉంది. దాంతో దుబాసీ ఉద్యోగం నాకు దక్కింది.

ఇయన్ 2014 సంగతులు చెప్పాడు. ఆ వేసవిలో వాళ్ల ఊళ్లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. సెప్టెంబరులో, స్కాట్లండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా అని ఓటు పెట్టారు. ఇతను విడిపోదామన్నాడు, తమ్ముడు వద్దన్నాడు. తమ్ముడి పక్షం గెలిచింది. దేశం కలిసే ఉంది, అన్నదమ్ములకు మాత్రం మాటల్లేవు.

"ఏ ముహూర్తానేటి బావూ, ఓటెట్టారు?" అన్నారు నారాయణగారు.

గురువారం, పొద్దున్న ఏడు నుంచి రాత్రి పది దాకా అని ఇయన్ చెప్పింది చెప్పాను.

"రోజల్లానా! ముహూర్తమే ఎట్టనేదా? మా బర్మాకి సొతంత్రం తెల్లారగట్ట తీసుకున్నారు, జోస్యులు సెప్పిన టైముకి. ఇందులో తమ్ముడి తప్పేటున్నాది? తప్పు టైముది."

అనువదించాను. ఇయన్ గట్టిగా నవ్వాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఇప్పుడు వాడికి ఫోన్ చేయొచ్చేమో, అడగండి" అన్నాడు.

"ఇయ్యాలా గురువారమే. మూడింటిదాకా రావుకాలం. ఆగమను, టీ తాగమను."

నాకు రాహుకాలం మీద నమ్మకం లేదు. అయినా ఇయన్‌తోపాటు గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. పదేళ్లకు పైగా ఆగిన మనిషికి ఆ అరగంట కాస్త కష్టంగానే ఉన్నట్టుంది. మూడు దాటగానే నంబరు నొక్కాడు.

అవతల మొదటి రింగుకే ఎత్తారు.