మూలకు తగిలిన దెబ్బ

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఎవరో విసిరిన రాయి కొడకండ్ల బస్సు ముందద్దానికి తగిలింది. నడుపుతున్నది మా నాయిన. కత్తుల్లా విరిగిన పెంకుల్లో ఒకటి ఆయన కుడికన్ను తీసుకుపోయింది. ఆ రోజు నుంచి అవ్వ ఇంట్లోకి అద్దం రానివ్వలేదు. ముత్తయిదువై ఉండి, అవీ అద్దమేనని మట్టిగాజులు తీసేసి లక్కగాజులు తొడుక్కుంది. వాడకట్టు ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

అలాంటి అవ్వ కడుపున పుట్టి, ఎనభైల్లో నేను జనగామ శివారులో బస్సు అద్దాలు చేసే షెడ్డులో పనికి కుదిరాను. "గా అద్దాల కూడు మనకెందుకు బిడ్డా?" అని ఒక్కసారే అన్నది. మర్నాటి నుంచి నాకు సద్ది కట్టడం మానేసింది. మధ్యాహ్నం ఖాళీ కడుపుతో కూర్చుంటే కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చేది.

అయినా ఆ పని మీద మనసు పడింది. కోసి, అంచులు అరగదీసిన అద్దాన్ని పట్టుకార్లతో కొలిమిలో వేలాడదీసేవాళ్లం. అది మెల్లగా సందెపొద్దు రంగుకు తిరిగేది. కాసేపు అది అద్దమో, నిలబడ్డ నీళ్లో తెలిసేది కాదు. నేను రెప్ప వేయడం మరిచిపోయేవాణ్ణి. బయటికి లాగీ లాగగానే రెండు వైపుల నుంచి పంఖాల గాలి హోరుమని కొట్టేది. పైపొర ముందే చల్లారి బిగుసుకుంటుంది. లోపలిది ఆలస్యంగా చల్లారుతూ దాన్ని గుంజి పట్టుకుంటుంది. ఆ పెనుగులాటే దాని బలం. ఇక దాన్ని కోయరాదు. మొదటి వారంలోనే వేలెడు వెడల్పు తగ్గిద్దామని కోతపెన్ను పెట్టాను. అద్దమంతా నా కాళ్ల మీద రాలింది.

"వండిన అన్నం మళ్ల కడుగుతవార?" అని మేస్త్రి పడీ పడీ నవ్వాడు.

ప్రతి దఫాలో ఒక అద్దాన్ని పగలగొట్టి చూడాలి. నా ఆకలి చూడలేక ఒకరోజు ఆ మేస్త్రే మా ఇంటికొచ్చి, బతిమాలి అవ్వను షెడ్డుకు తీసుకొచ్చాడు. సుత్తె చేతికిచ్చి "కొట్టక్కా" అన్నాడు. అవ్వ కొంగు బిగించి నడిమధ్యన కొట్టింది. అద్దం ఖంగుమంది. ఇన్నేళ్ల కసంతా పెట్టి మళ్లీ కొట్టింది. గీత కూడా పడలేదు.

మేస్త్రి మొనదేలిన ఉలిని అద్దం మూలకు ఆనించాడు. "గిక్కడ జర తట్టు."

చిన్న దెబ్బే. అద్దమంతా తెల్లబడి జలజలా రాలింది. నేను వద్దనేలోపే అవ్వ కుప్పలో చేయి పెట్టి, పటికబెల్లం పలుకుల్లాంటి ముక్కల్ని పిడికిట పట్టింది. కాసేపటికి చేయి తెరిచి చూసుకుంది. నెత్తురు లేదు.

"గప్పుడు గిది ఏడున్నది బిడ్డా?" అని అడిగింది.

ఇద్దరం ఏడ్చాం. అవ్వ ఆ పలుకులు కొంగున ముడేసుకుపోయి నాయిన చేతిలో పోసింది. ఆయన చాలాసేపు వాటిని వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు.

తెల్లారి నేను పనికి బయల్దేరితే, గడప దగ్గర సద్ది గిన్నె ఉంది.