ముందు వరుస చాప

మా శంకరయ్య పంతులు గారు ఇక లేరు. మొన్న సోమవారం పొద్దున చేవెళ్ల బడిలో నేను హాజరు పిలుస్తుండగా వారి పొరుగింటి రామయ్య గుమ్మంలో నిలబడి, "పంతులు పోయిండు సారూ" అన్నాడు. ముందు రోజు సాయంత్రమే వారి అరుగు మీద కూర్చొని మాట్లాడి వచ్చిన నాకు ఆ మాట తలకెక్కలేదు. "ఎక్కడికి?" అని అడిగానట. పిల్లలు చెబితే తరువాత తెలిసింది.

పంతులు గారు గ్రంథాలు రచించలేదు, సభల్లో సత్కారాలు పొందలేదు. మొయినాబాదు దాపున ఒక చిన్న పల్లెలో ప్రాథమిక పాఠశాలే ఆయనకు తపోభూమి. అక్కడ ఆయన పెద్ద పంతులు, నేను చిన్న పంతులును. నస్యం పీల్చేవారు, పట్టిన పట్టు విడిచేవారు కారు. ఆ మొండితనం మీద నాకు ఎన్నోసార్లు ఒళ్లు మండేది.

ఏ బడిలోనైనా ముందు వరుస తెలివైనవారిది, లేదా ఊరి పెద్దల పిల్లలది. మా బడిలో ముందు చాప పాఠం అంటనివారిది. రోజూ మొదటి ప్రశ్న వారికే. పటేలు ఒకనాడు వచ్చి, "మా పిలగాన్ని ఎనుక కూసోబెడ్తివేంది పంతులూ?" అని నిలదీశాడు. "మీవానికి వచ్చింది పటేలా. రానోని పక్కన నేనుండాలె గద" అన్నారీయన. పటేలు నెల రోజులు పలకరించలేదు, ఈయన పట్టించుకోలేదు.

పాఠ్యపుస్తకాలు ఉర్దూలో ఉండేవి. పిల్లల ఇళ్లలో తెలుగు. పంతులు గారు పాఠమంతా ముందు తెలుగులో చెప్పి, ఆపైన పుస్తకం తెరిచేవారు. సర్కారు ఆజ్ఞకు విరుద్ధమని నేను భయపడితే, "అవ్వతోని మాట్లాడే మాటను గడప బయట ఇడిచి రమ్మంటే పిల్ల గూడ గడప కాడనే ఆగుతది" అన్నారు. రాజ్యమంతటా విద్య వర్ధిల్లుతోందని ఎవరైనా పట్నం కళాశాలల వైభవం వర్ణిస్తే ఆయనకు చిరాకు. "ఫస్టు వచ్చినోన్ని చూపిచ్చి చదువు గొప్పదంటే ఎట్ల? కడపటి బిడ్డను అడుగుండ్రి, రాజ్యం చదువు ఎంతున్నదో ఆ బిడ్డ చెప్తది" అనేవారు.

ఆ కడపటి బిడ్డ మా బడిలో మరియమ్మ. కూలి యాకోబు కూతురు. పదేళ్లది. అలాంటి ఇంటి ఆడపిల్లను బడికి రప్పించడానికే పంతులు గారు వారి గుడిసె చుట్టూ ఏడాది తిరిగారు. అక్షరాలు వచ్చాయి కానీ కొత్తవారిని చూస్తే నోరు పెగలదు.

ఇప్పుడు నా పాపం చెప్పుకోవాలి. తనిఖీ అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. పిల్లలు సరిగా చెప్పకపోతే బడి ఎత్తేస్తారని పుకారు. పంతులు గారు అధికారిని వెంట తీసుకురావడానికి మొయినాబాదు వెళ్లారు. ఆ వ్యవధిలో నేను ముందు చాప మీది నలుగురిని ఇళ్లకు పంపి చాప చుట్టేశాను. "మంచిగ చెప్పెటోళ్లే ఉండాలె ఇయ్యాల" అని మరియమ్మతో అన్నాను. ఆ పిల్ల పలక తీసుకొని పోయింది.

తనిఖీ దివ్యంగా జరిగింది. అధికారి మెప్పు రాసి వెళ్లాడు. "మరియ ఏది?" అని అడిగారు పంతులు గారు. "రాలేదండి" అని అబద్ధమాడాను. ఆయన కండువా భుజాన వేసుకొని నేరుగా యాకోబు గుడిసెకు నడిచారు.

యాకోబు చేతులు కట్టుకొనే చెప్పాడట: "మా పిల్ల మీ బడికి అక్కెర లేదని చిన్న పంతులే తోలిండు గద బాంచెన్. కలుపుకు పోతున్నది." మిగిలిన ముగ్గురు మళ్లీ వచ్చారు. మరియమ్మ రాలేదు. పంతులు గారు ఎన్నిసార్లు వెళ్లినా రాలేదు. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చుట్టిన చాపను తామే పరచి, "బడి నిలిచింది తమ్మీ. ఎవరి కోసమో జర చెప్పు" అన్నారు. ఇది జరిగి పన్నెండేళ్లయింది. ఆ మెప్పుతోనే నేను పెద్ద పంతులునయ్యాను, ఇప్పుడు ఆయన కొలువు చాలించి చేరిన సొంత ఊరు చేవెళ్లకే వచ్చాను.

దహనమైన తరువాత, దూరంగా నిలబడిన ఒక స్త్రీ ఆరేళ్ల పాపను చేయి పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. చేవెళ్లకే కాపురానికి వచ్చిన మరియమ్మ. "పంతులు నా బిడ్డకు అరుగు మీద అచ్చరాలు చెప్తుండె సారూ. ఇగ మీ బడికి తోలుకొస్త" అంది. మళ్లీ తానే, "తనిఖీ దొర వచ్చిన నాడు గూడ కూసోనిస్తరా?" అని అడిగింది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, తెలుసుకోవాలని అడిగింది. "ముందు చాప మీదే తల్లీ" అన్నాను. ఆమె నమ్మలేదని నాకు తెలుసు.

ఆ పాప నిన్నటి నుంచి బడికి వస్తోంది. తల్లిలాగే నోరు విప్పదు. వచ్చే వారమే తనిఖీ. గురుతుల్యా, ఈ వ్యాసం మీకు నా నివాళి అనుకున్నాను. రాస్తుంటే తెలుస్తోంది, ఇది నా భయం. పోయిన మారు నేను చుట్టిన చాపను పరచడానికి మీరున్నారు. ఈ మారు ఎవరూ లేరు.