మేడం అడిగిన మాట

సుబ్బలక్ష్మమ్మకు మనుషుల మీద కన్నా వాళ్లడిగే ప్రశ్నల మీద అనుమానం ఎక్కువ. కడప నుంచి గల్ఫుకొచ్చాక పట్టుకున్న జబ్బు అది. మొదట బర్కా అనే ఊళ్లో పనిచేసిన ఇంట్లో ఉంగరం కనపడకపోతే, ఆ ఇంటావిడ తియ్యతియ్యగా ఊరి సంగతులూ పిల్లల సంగతులూ అడిగింది. ఆ తర్వాత నీ బట్టల పెట్టె దించి విప్పమంది. ఉంగరం సోఫా కింద దొరికింది కానీ, పోయిన పని మాత్రం తిరిగి దొరకలేదు.

ఇప్పుడు సోహార్‌లో డెన్మార్క్ వాళ్లింట్లో వంటా ఇల్లూ చూస్తోంది. అయ్యగారు పోర్టులో ఇంజినీరు. కిర్‌స్టెన్ మేడం ఇంట్లోనే కూర్చుని ఇంగ్లీషు నవలలను తన డేనిష్ భాషలోకి మారుస్తుంది. మంచి మనిషే. మంచి మనుషులంటే సుబ్బలక్ష్మమ్మకు ఇంకా భయం.

ఒకరోజు బెండకాయలు తరుగుతుంటే మేడం వంటింట్లోకొచ్చి, ఆమెకు అర్థమయ్యేలా చిన్నచిన్న ఇంగ్లీషు ముక్కల్లో, అన్నం పెట్టిన ఇంటికే ద్రోహం చేసేవాళ్లను మీ భాషలో ఏమంటారని అడిగింది. ఏమంటారో మన చిన్నపిల్లలకు కూడా తెలుసు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. సుబ్బలక్ష్మమ్మ దాన్ని మింగేసి, తెలియదంది.

సాయంత్రం డ్రైవర్ జిలాని టీకి వచ్చాడు. రాయచోటి మనిషి. అతన్నీ, తోటమాలినీ కూడా మేడం అదే అడిగిందట.

"ఇంట్లో ఏమన్నా పొయ్యిందేమోలే అక్కా," అన్నాడు వేళాకోళంగా.

సుబ్బలక్ష్మమ్మ దాన్ని నిజమే అనుకుంది. ఈ పని కూడా పోతే కూతురి నర్సు చదువు మధ్యలో ఆగిపోతుంది. ఇక మేడం నవ్వితే ఎందుకు నవ్విందని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని. నన్నడిగితే తప్పు సుబ్బలక్ష్మమ్మది కాదు, ఆ ఉంగరం ఇంటివాళ్లది. ఆ రాత్రి కూర మాడిపోయింది.

మర్నాడు మేడం మళ్లీ అదే మాట ఎత్తింది. సుబ్బలక్ష్మమ్మ గరిటె పక్కన పడేసి, తన పెట్టె ఈడ్చుకొచ్చి హాలు మధ్యలో బోర్లించింది. చీరలు, జ్వరం మాత్రలు, కూతురి ఫొటో, లోపలి బట్టలతో సహా అన్నీ నేల మీద పడ్డాయి. కారు తుడుస్తున్న జిలానిని కేకేసింది.

"నేనేం ఎత్తుకోలేదని చెప్పు జిలానీ. వచ్చి చూసుకోమను."

మేడం బిత్తరపోయింది. విషయం అర్థమయ్యాక గబగబా ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది, జిలాని తెలుగులో చెప్పాడు. నవలలో ఒక ఇంటావిడ తన పనిమనిషిని దొంగని అనుమానించి అనే మాట అది. ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు మారిస్తే డేనిష్‌లో చప్పగా ఉందట. వేరే భాషలవాళ్లు ఎలా అంటారో విందామని అందరినీ అడిగిందట.

"ఆ పనామె నిజంగా తీసిందంటనా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

తీయలేదట. ఇంట్లోవాళ్లే నమ్మలేదట.

మేడం కళ్లనిండా నీళ్లతో, కింద పడ్డ బట్టల వైపు చూడకుండానే చీరలు ఎత్తి పెట్టెలో పెట్టబోయింది. సుబ్బలక్ష్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముందు చూడమను జిలానీ. అన్నీ చూడమను. రేపు నిజంగానే ఏదన్నా పోతే, ఆ పొద్దు నేను చూడలేదే అంటాది."

మేడం నేల మీద కూర్చుని, ఏడుస్తూనే, ఒక్కొక్క చీరా విప్పి చూసింది.