రేడియో కవలలను కొన్న పెంటమ్మ

మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయిందంటే గద్వాలలో బుచ్చన్న ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోవాలి. ఆగకపోతే పెంటమ్మ ఊరుకోదు. పట్టు దారం కండెలు చుట్టే రాట్నం పక్కకు జరిపి, "తమ్మీ, మగ్గమాపి నాడె జర పక్కకు వెట్టు. మొదలైతుంది" అంటుంది. బుచ్చన్న సణుగుతాడు. "ఆ ఏడుపు ఇనకుంటె మీకు తిన్నది అరగదా అక్కా?" అంటాడు. అంటాడే గాని, మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి లాక్కుని అందరికంటే ముందు ఫోన్ దగ్గరికి చేరేది ఆయనే.

వాళ్లంత చెవి కోసుకునేది వనపర్తి రేడియోలో వచ్చే 'ఏడిండ్ల వాకిలి' నాటకం కోసం. ఆదివారం తప్ప రోజూ పావుగంట, పదహారేళ్లుగా వస్తూనే ఉంది. మొదట్లో తీగ కట్టిన రేడియోలో వినేవాళ్లు. ఇప్పుడు బుచ్చన్న కూతురు, డిగ్రీ చదివే సింధూజ తన ఫోన్‌లో పెడుతుంది. ఇన్నేళ్లలో పెంటమ్మ ఒక్కరోజు తప్పితే ఒట్టు. భర్త పోయిన నెలలో కూడా తలుపు వారగా కూర్చుని వింది.

పెంటమ్మ ఆ ఇంటి మనిషి కాదు, అలాగని పరాయిదీ కాదు. ముప్పై ఏళ్ల కింద కండెలు చుట్టే పనికి వచ్చింది, ఇక అక్కడే పాతుకుపోయింది. ఆ కండెల మీదే ఒక్కగానొక్క కూతురు సుహాసినిని చదివించింది, అయిజలో ఇచ్చి పెళ్లి చేసింది. అరవై రెండేళ్ల మనిషి. చేతులు పట్టు పోగు తెగకుండా చుడతాయి, నోరు మాత్రం ఎవరినీ వదలదు. రేడియోలోని మనుషులనూ వదలదు. నాటకంలో రోహిణికి పెళ్లయిన రోజు ఇంటి నుంచి భక్ష్యాలు చేసుకొచ్చి వీధంతా పంచింది. ఎవరి పెళ్లని అడిగితే "మా రోహిణిది" అంది. అడిగినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

ఆ రోహిణికి పాపం బిడ్డలు దక్కలేదు. ఒకడు పుట్టిన మూడో రోజున పోయాడు, ఇంకొకతె నెల నిండకుండానే పోయింది. రెండోసారి పెంటమ్మ పొద్దంతా ముద్ద ముట్టలేదు. "ఆ రాసేటోని చెయ్యి వడిపోను!" అని తిట్టి, మళ్లీ వెంటనే లెంపలు వేసుకుంది. చెయ్యి పడిపోతే నాటకం ఎవరు రాస్తారని.

ఇన్నాళ్లకు రోహిణికి కవలలు పుట్టారు, ఒక పిల్లవాడు, ఒక పిల్ల. పేర్లు మీరే చెప్పండని రేడియోవాళ్లు శ్రోతలను అడిగారు. ఇక చూడాలి బుచ్చన్న ఇంట్లో గోల!

"చెన్నయ్య తాత, భీమమ్మ అవ్వ పేర్లే వెట్టాలె. ఇంటి పెద్దలు మల్ల పుట్టిండ్రు" అన్నాడు బుచ్చన్న. చెన్నయ్య, భీమమ్మ నాటకంలో ఎప్పుడో పోయిన ముసలివాళ్లు.

"ఏం పేర్లు నాయినా అవి! బడిల హాజరు పిలుస్తుంటె నవ్వుతరు. విహాన్, విహాని అని పెడ్దం" అంది సింధూజ.

"ఇహానా? దగ్గొచ్చినట్టున్నది" అంది ఆమె తల్లి కళావతి. "సాయి అనేది ముందల ఉండాలె. దేవుని పేరు లేకుంటె ఎట్ల?"

"అమ్మా, మన సందులనే తొమ్మిది మంది సాయిలున్నరు. ఒకణ్ని పిలిస్తె తొమ్మిది మంది పలుకుతరు."

ముగ్గురూ పోట్లాడుకుని పెంటమ్మ వైపు తిరిగారు. మామూలుగా అయితే ఈపాటికి ఆమె ఒంటికాలి మీద లేవాలి. ఆ రోజు రాట్నం తిప్పుతూనే ఉంది, తల ఎత్తలేదు. "పెంటమ్మక్కా, నువ్వేమంటవ్?" అని కళావతి అడిగితే, "పిల్లలు బతికితె సాలు గదనే" అంది. అప్పటికి అందరికీ గుర్తొచ్చింది.

పెంటమ్మ మనవరాలు ఆ వారమే పుట్టింది. సుహాసినికి మొదటి కాన్పులో ఏడో నెలకే బిడ్డ పోయింది. ఇప్పుడు ఎనిమిదో నెలలో నొప్పులొచ్చి, గద్వాల దవాఖానలో కిలోన్నర ఆడపిల్లను కన్నది. బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారు. మూడు వారాలు గడిస్తే గాని ఏమీ చెప్పలేమన్నారు డాక్టర్లు. లోపల తల్లి తప్ప ఎవరూ ఉండరాదు. సాయంత్రం నాలుగింటికి మాత్రం అమ్మమ్మ అద్దంలోంచి చూసి రావచ్చు.

పెంటమ్మకు ఒకటే దారి తెలుసు. పుట్టినవాళ్లు దక్కని ఇండ్లలో పెద్దవాళ్లు చేసేదే అది. బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. పక్కింటివాళ్లు ఎత్తుకుంటారు. తల్లి గుప్పెడు నూకలిచ్చి బిడ్డను వాళ్ల దగ్గర కొనుక్కుంటుంది. ఇది మా కడుపున పుట్టింది కాదు, పెంట మీద దొరికింది అన్నట్టు ఆ పేరే పెడతారు. అంత తక్కువదానిమీద మృత్యువు కన్ను పడదని నమ్మకం. అట్లా బతికిందే పెంటమ్మ కూడా.

మూడో రోజు సాయంత్రం వార్డు తలుపు దగ్గర మెల్లగా ఆ మాట ఎత్తింది. "బిడ్డా, కుప్ప మీద వద్దులే. ఇంటికొచ్చినంక గుమ్మం కాడ చాటల పండవెట్టి, కళావతి ఎత్తుకుంటె మనం కొనుక్కుందం. పేరొక్కటి ఇప్పుడే అనుకుందం."

"ఏం పేరు?" అంది సుహాసిని.

"నా పేరే."

సుహాసిని ముఖం మాడిపోయింది. "నీకేమన్న తెలివున్నదా అమ్మా? నీ పేరు జెప్పనీకె బడిల నేనెంత ఏడ్సిన్నో ఎరికేనా? ముక్కులు మూస్కుని నా ఎనక తిరిగేటోళ్లు. నా బిడ్డకు గూడ అదే గతి వట్టాల్నా? ఇంగోసారి ఆ మాటంటె ఊకోను."

పెంటమ్మ మారు మాట్లాడలేదు. కూతురి పెళ్లి పత్రికలో తల్లి పేరు 'పద్మ' అని అచ్చు వేయించారని బుచ్చన్న చదివి చెప్పినప్పుడు కూడా ఆమె మాట్లాడలేదు. బాధ లేక కాదు. బాధ ఉంది, చాలా ఉంది. కాని పచ్చి బాలింతతో పేచీ ఏమిటి? అద్దం అవతల గుడ్డలో చుట్టిన పిడికెడంత ముఖాన్ని చూసి, కళ్లు తుడుచుకుని ఇంటికొచ్చింది. మనవరాలు దక్కుతుందన్న ధైర్యం మాత్రం ఆమెకు ఇసుమంతైనా లేదు.

ఇక ఆ మర్నాడు ఆమె చేసిన పని ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, చెప్పక తప్పదు. పొద్దున్నే రెండు దోసిళ్ల నూకలు కొంగున ముడివేసుకుంది. దవాఖానకు పోతుందని కళావతి అనుకుంది. ఆమె పోయి వనపర్తి బస్సెక్కింది.

రేడియో ఆఫీసు మేడమీద. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, ఒగరుస్తూ, "ఏడిండ్ల వాకిలి రాసేటాయన యాడున్నడు?" అని అడిగింది. ఒక గది చూపించారు. నాటకాన్ని రాసేది వంశీధర్ అనే నలభై ఏళ్ల మనిషి. ఎదురుగా కూర్చున్న సుమనది రోహిణి గొంతు. ఇన్నేళ్లుగా ఆ రాసేవాడు మీసాలున్న కిరాతకుడని పెంటమ్మ ఊహ. తీరా చూస్తే కళ్లద్దాలతో, బక్కగా, టీలో బిస్కట్ ముంచుకుంటూ ఉన్నాడు.

"నువ్వేనా అయ్యా పిల్లలను సంపేటోనివి?"

వంశీధర్ బిస్కట్ టీలో పడిపోయింది.

పెంటమ్మ కొంగు ముడి విప్పి నూకలు బల్ల మీద పోసింది. "ఇగో. ఒక దోసెడు పిలగానికి, ఒక దోసెడు పిల్లకు. రోహిణి బిడ్డలను నాకమ్మెయ్యి. ఇప్పటి సంది ఆళ్లు నీ బిడ్డలు గాదు, నేను కొనుక్కున్న. పెంటయ్య, పెంటమ్మ అని పిల్సుకో. ఆళ్ల జోలికి పోకు."

"అమ్మా, వాళ్లు కథలో పిల్లలు…" అన్నాడాయన.

"కథని నాకు తెల్వదా? పదహారేండ్ల సంది ఇంటున్న. రాసేటోడు సంపితెనే సస్తరు గద, అందుకే నీ తానకొచ్చిన. అసలు బిడ్డకు చేద్దామంటె నా బిడ్డ ఒప్పుకుంటలేదు. గీళ్లకన్న చెయ్యనీ. జర నా పానం నిమ్మళమైతది."

ఆ మాట అంటూనే ఏడ్చింది. సుమన లేచి వచ్చి పక్కన కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది, మెల్లగా అన్నీ అడిగింది. అసలు సంగతి ఏమిటంటే, ఆడపిల్ల తొమ్మిదో రోజున పోయే ఘట్టం వంశీధర్ అప్పటికే రాసి పెట్టుకున్నాడు. పెంటమ్మ ఎదురుగానే ఆ కాగితాలు చింపేశాడు. "ఈ పేరు కథ మైకులో చెప్తావా అమ్మా?" అని అడిగాడు. అంత దూరం వచ్చి కాదంటుందా? చెప్పింది.

ఆమె వనపర్తి పోయొచ్చిన నాలుగో రోజు ఒంటిగంటన్నరకు మగ్గం ఆగింది. నాటకానికి ముందు ఫోన్‌లోంచి పెంటమ్మ గొంతు వచ్చింది. కళావతి "అవ్వ!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మా అమ్మకు నలుగురు పుట్టి నలుగురు వోయిండ్రు. ఐదోదాన్ని నేను. నన్ను చాటల ఏసి పెంటకుప్ప మీద వెట్టి, మొఖం తిప్పుకుని కూసున్నదంట మా అమ్మ. ఏడుస్తనే ఉన్నది గని ఎన్కకు సూడలె. పక్కింటామె ఎత్తుకుంటె గుప్పెడు నూకలిచ్చి నన్ను కొనుక్కున్నది. నా పేరు జెప్తె అందరు నవ్వుతరు. నా బిడ్డకు గూడ సిగ్గే. దాని తప్పు లేదు, బడిల పొల్లగాండ్లు శాన సతాయించిండ్రు. గని నన్ను ఎవరన్న పేరు వెట్టి పిలిస్తె, నన్నెట్లన్న ఉంచుకోవాలని మా అమ్మ వడ్డ పరేషానే నాకు యాదికొస్తది. గది తిట్టు గాదయ్యా. నేను గావాలని మా అమ్మ పెట్టుకున్న పేరు."

తర్వాత నాటకంలో రోహిణి అత్త కవలలను చాటలో పెట్టి, దోసిళ్లతో నూకలిచ్చి కొనుక్కుంది. బడికి విహాన్, విహాని అని, ఇంట్లో పెంటయ్య, పెంటమ్మ అని పేర్లు పెట్టారు. సింధూజ ఎగిరి గంతేసింది. బుచ్చన్న ముక్కు చీదుతూ, దుమ్ము పడిందన్నాడు.

పెంటమ్మ మాత్రం తల పట్టుకుంది. "నా బిడ్డకు సిగ్గే అని అన్నగద! అందరు ఇన్నరు. అయ్యో, ఎంత పని జేస్తిని! దాని పరువు దీస్తిని!"

"ఏమి గాదక్కా, సుహాసిని ఇనకపోవచ్చు" అంది కళావతి.

ఎందుకు వినదు? వార్డులో నర్సు హెప్సిబా కూడా ఆ నాటకం అంటే పడి చస్తుంది. రోజూ మధ్యాహ్నం బాలింతలందరికీ ఆమె ఫోనే రేడియో. ఆ సంగతి పెంటమ్మకు బాగా తెలుసు. నాలుగింటి వరకు ఒక్క కండె కూడా సరిగ్గా చుట్టలేకపోయింది. దవాఖానకు పోవాలంటే భయం, పోకుండా ఉండలేదు. కూతురు ముఖం చూడనంటే ఏం చేయాలి? దారి పొడుగునా అదే ఆలోచన.

వార్డు తలుపు దగ్గర హెప్సిబా ఆమెను చూసి నవ్వలేదు. "చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని లోపలికి రా పెద్దమ్మా" అంది. అన్నిరోజుల్లో లోపలికి రమ్మనడం అదే మొదలు.  బిడ్డకేమైందో అనుకుంటూ పెంటమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్లింది.

లోపల అద్దాల పెట్టె ఖాళీగా ఉంది. ఆమె గబుక్కున మంచం వైపు తిరిగింది. అప్పుడు కనపడింది. సుహాసిని మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. బిడ్డ తల్లి రొమ్ము మీద, ఒంటికి ఒళ్లు ఆనించి, దుప్పటి కింద నిద్రపోతోంది. బరువు పెరిగిందని ఆ మధ్యాహ్నమే పెట్టెలోంచి తీశారట.

"ఎవలకు జెప్పి పోయినవ్ వనపర్తికి?" అంది సుహాసిని. "ఆ మోకాళ్లతోని, గా ఎండల! నడిమిట్ల పడిపోతె ఎవలు సూస్తరు నిన్ను?"

"తప్పయింది బిడ్డా. మైకుల నీ ముచ్చట చెప్పకుండ ఉండాల్సుండె."

 సుహాసిని కళ్లు ఎర్రగా ఉన్నాయి. బిడ్డ ముఖం కనిపించేలా దుప్పటి కాస్త పక్కకు తీసింది. "దీన్ని పిలువు" అంది.

"ఏమని?"

"నీకు తెల్వదా?"

పెంటమ్మ మంచం దగ్గరికి జరిగింది. అరవై రెండేళ్లుగా ఆ పేరు పెట్టి ఊరంతా ఆమెను పిలిచింది. రేడియో పిల్లకు ఆ పేరు పెట్టి వచ్చింది గాని, ఎదురుగా ఉన్న మనిషిని ఎవరినీ ఆమె ఆ పేరుతో పిలిచి ఎరగదు. ఒంగి, బిడ్డ చెవి దగ్గరికి ముఖం తెచ్చింది.

"పెంటమ్మా" అంది మెల్లగా. "ఓ పెంటమ్మా… నా తల్లీ."

బిడ్డ కళ్లు తెరవలేదు. దుప్పటి కింద కాలు మాత్రం ఒకసారి తన్నింది.

"ఇంగోసారి పిలువమ్మా" అంది సుహాసిని.