ఎయిర్‌పోర్ట్ దాటిపోయిన కారు

ఒక ఆడమనిషి ఆచూకీ కోసం మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఈ గల్ఫ్ దేశంలోనే, ఖురంలో మన తెలుగువాళ్ల పండగ సభకు వెళితే చేతికి పులిహోర పొట్లం ఇచ్చారు గానీ మైకు ఇవ్వలేదు. "పండగ పూట ఈ ఏడుపెందుకన్నా?" అన్న పెద్దమనిషి ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బౌషర్‌లో నేను డ్రైవర్‌గా ఉన్న ఇంట్లోనే ఆమె వంట చేసేది. ఇద్దరిదీ కడపే. చుట్టాలింట్లో పెళ్లో కాన్పో వస్తే ఇక్కడి యజమానులు పెద్ద గిన్నెలతో పాటు పనిమనిషినీ పంపిస్తారు. ఆమెను అడగరు. బానిసత్వం ఎప్పుడో పోయిందంటారు. మరి దీన్నేమంటారో నాకు తెలీదు. అప్పటికి రెండుసార్లు ఆమెను దూరాన ఉన్న షినాస్ ఊళ్లో యజమాని చెల్లెలింటికి పంపారు. రెండోసారి తిరిగొచ్చినప్పుడు చేతుల మీద కాలిన మచ్చలున్నాయి.

మూడోసారి పొమ్మన్న రోజు పొద్దున, ఆమె చేపలు కోసే కత్తి పట్టుకుని వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. యజమాని నన్ను లోపలికి పిలిచి, మీ భాషలో నచ్చజెప్పమన్నాడు.

"నేను పోనన్నా. నన్నేమన్నా కొనుక్కున్నారా, యాడికి తోల్తే ఆడికి పోయేదానికి? దగ్గరికొస్తే పొడుస్తా. నువ్వొచ్చినా అంతే."

"పోలీసులొస్తే జైల్లో పెడతారు చెల్లీ."

"పెట్టనీలే. ఆడ కూడన్నా పెడ్తారు."

యజమాని మెత్తబడ్డాడు. కత్తి దించితే ఈరోజే ఇండియా పంపిస్తానని ఆమె పాస్‌పోర్ట్ తెచ్చి చూపించాడు. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె నమ్మలేదు.

"నీ బిడ్డల మీద ఒట్టు పెట్టు."

పెట్టాను. కత్తి పిడి నా వైపు తిప్పి ఇచ్చింది.

కారులో యజమాని నా పక్కన కూర్చున్నాడు. ఆమె వెనక సీట్లో, సంచి ఒళ్లో పెట్టుకుని. ఎయిర్‌పోర్ట్ మలుపు దగ్గర ఇండికేటర్ వేశాను.

"సీదా" అన్నాడు యజమాని.

నా పాస్‌పోర్ట్ కూడా ఆయన బీరువాలోనే ఉంది. ఇండికేటర్ ఆపేశాను.

"అన్నా, ఇమానాలు ఆ పక్క గదా?"

అద్దంలోకి చూడకుండా కారు ముందుకే పోనిచ్చాను. షినాస్‌లో యజమాని చెల్లెలింటి ముందు ఆమెను దించాను.

నెల తర్వాత ఒక శుక్రవారం అక్కడికి వెళ్లాను. ఆమెను ఇంకెవరింటికో పంపేశారని, ఎక్కడికో తనకు తెలీదని తోటమాలి చెప్పాడు. యజమానిని అడిగితే నీ డ్యూటీ చూసుకో అన్నాడు. ఆమెను ఇక్కడికి పంపిన కడప ఏజెంటు నా నంబర్ బ్లాక్ చేశాడు. అర్జీ పట్టుకుని మన ఎంబసీ ఆఫీసుకు వెళితే, నువ్వు ఆమెకు ఏమవుతావన్నారు. కత్తి ఎందుకు పట్టిందని అడుగుతారు గానీ, ఆ మచ్చల సంగతి ఒక్కరూ అడగరు.

ఆమె కూతురు మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. "మామా, మాయమ్మ యాడుంది?"

ఏజెంటు గారూ, యజమాని గారూ, నా కాగితం మీద ముద్ర కొట్టి పక్కన పడేసిన ఆఫీసరు గారూ, ఎవరో ఒకరు జవాబు చెప్పండి. షినాస్ నుంచి ఆమెను ఎవరింటికి పంపారు? బతికుంటే ఆ ఇల్లెక్కడో చెప్పండి. లేకపోతే ఆ మాట ఆ పిల్లకు మీరే చెప్పండి. నేను చెప్పలేను.