గంటకు తొంభై ఆరు

ఎల్లారెడ్డిలో బిల్కిస్ బీడీలు చుట్టేది. ముప్పై ఏళ్లకే భర్త పోతే అన్న ఇంట్లో ఒక గదిలో ఉండేది. 1986 చలికాలంలో ఆమె వేళ్లు పొద్దున పూట ముడవరాకుండా అయ్యాయి. కణుపులు ఉబ్బి, తునికాకు చేతిలోంచి జారిపోయేది. మధ్యాహ్నానికి కాస్త సడలేవి. అందుకే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

"పొద్దుగాల రాని చేతులు పగటీలికి ఎట్ల వస్తయి? పని ఎగ్గొట్టనీకి బహానాలు" అన్నది వదిన ఖదీజా. తోటి ఆడవాళ్లు రోగం అంటుకుంటుందేమోనని బీడీలు చుట్టే చాటలు పట్టుకుని దూరం జరిగారు.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా కామారెడ్డి బస్సెక్కింది. దవాఖానాలో డాక్టరు చేతులు నొక్కి చూసి రక్తపరీక్ష రాశాడు. పరీక్షలు చేసే అబ్రాహాము నెత్తురు తీసి, సన్నటి గాజు గొట్టంలోకి ఎక్కించి నిలబెట్టాడు. గంట ఆగమన్నాడు. ఆమె బయటికి పోకుండా గొట్టాన్నే చూస్తూ కూర్చుంది. ఎరుపు కిందికి దిగుతుంటే పైన పసుప్పచ్చని నీరు తేలింది. గంట నిండగానే అబ్రాహాము వచ్చి గొట్టం మీది గీతలు చూశాడు.

"గింత జల్ది దిగిందేందన్నా?"

"ఒంట్ల యాడన్న వాపు, మంట ఉంటే కార్జం కొన్ని ప్రోటీన్లను ఎక్కువ తయారు చేస్తది. అవి నెత్తుట్ల కలిస్తే ఎర్రకణాలు రూపాయి బిళ్లల లెక్క ఒకదాని మీద ఒకటి పేరుకుంటయి. బరువై తొందరగ దిగుతయి. గంటకు ఇరవై మిల్లీమీటర్ల లోపల ఉండాలె. నీది తొంభై ఆరు."

"అంటే నాది బహానా కాదు?"

"కాదక్కా. ఏం జబ్బో ఇది చెప్పదు, డాక్టర్ సాబ్ చెప్తడు. లోపల మంట మాత్రం నిజం."

బిల్కిస్ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

కీళ్లవాతం అన్నాడు డాక్టరు. ఒకరి నుంచి ఒకరికి అంటదనీ, ఏళ్ల తరబడి మందులు వాడాలనీ చెప్పాడు. ఇంటికొచ్చి చీటీ చూపిస్తే ఖదీజా చేతిలోకైనా తీసుకోలేదు. దూరం జరిగిన చాటలు దగ్గరికి రాలేదు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన చేతులు మూడు వందల దగ్గరే ఆగిపోయాయి.

మూడు నెలలకోసారి కామారెడ్డి పోయేది.

"ఈసారి ఎంతన్నా?"

"అరవై. తగ్గుతున్నదక్కా."

ఇంట్లో అడిగేవాళ్లు లేని సంగతి అక్కడ ఒకరు పట్టించుకునేవారు. మూడో ఏడు అబ్రాహాముకు బదిలీ అయింది. కొత్తతను తలెత్తకుండా అంకె వేసి చీటీ ఇచ్చాడు. ముప్పై నాలుగు. అంత తక్కువ ఎన్నడూ రాలేదు.

తిరుగు బస్సులో పక్కన ఒక ముసలామె కూర్చుంది.

"అవ్వా, నాది ముప్పై నాలుగుకు వచ్చింది."

"ఏంది బిడ్డా, ముప్పై నాలుగు?"

గాజు గొట్టం దగ్గర మొదలుపెట్టి బిల్కిస్ అంతా చెప్పింది. అవ్వ ఊకొడుతూ విన్నది. లింగంపేటలో మూట ఎత్తుకుని, "మంచిగుండు బిడ్డా" అని దిగిపోయింది.

ఎల్లారెడ్డి దాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.