బెండు ముక్కలు తీయని ఓడ గడియారం

సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న మా ఉక్కు కార్ఖానా ఊళ్లో, జుగ్సలాయి పాత ఇత్తడి గోదాముల్లో తిరగడం నాకు ఉద్యోగం ఉన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. విరగ్గొట్టిన ఓడల సామాను అక్కడికీ వస్తుంది. నా దగ్గరున్న మూడు ఓడ గడియారాల్లో పెద్దది అక్కడే, పాత కుళాయిల గుట్ట కింద, చెక్కపెట్టెతో సహా దొరికింది. తుప్పు వదిలించి, అరిగిన ఇరుసు మార్చి నడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ పక్కన కూర్చున్నవాడు నా నేస్తం. కార్ఖానాలో ఇద్దరం మీటర్లు బాగుచేసే షాపులోనే పనిచేశాం. శ్రీకాకుళం వైపు మావాళ్ల పద్ధతిలో నేస్తం కట్టుకున్నాం. ఆనాటి నుంచి ఒకరినొకరం పేరు పెట్టి పిలిచింది లేదు.

ఓడ గడియారం తప్పు టైము చూపించినా ఫర్వాలేదు. రోజుకు రెండు సెకన్లు ముందుకు పోతే పోనీ. ఎంత పోయిందో నిజం రాసిపెడితే చాలు, నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో ఆ లెక్కతోనే తేలుతుంది. అందుకని తొమ్మిదేళ్లుగా మా బిర్సానగర్ ఇంట్లో కార్ఖానా పొద్దుటి సైరన్ కాగానే కీ ఇచ్చి, ఫోన్లో టైముతో సరిచూసి, నోటుబుక్కులో రాసేవాళ్లం. సరి తేదీలు ఆయనవి, బేసి తేదీలు నావి. ధ్యాస చెదరకుండా, ఒకరు చూస్తుండగా రెండోవాడు ఆ గదిలోకి రాకూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

మొన్న ఎండాకాలం కంటి ఆపరేషన్‌కని నేనూ మా ఆవిడా విశాఖ వెళ్లాం. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, పదకొండు రోజులూ నువ్వే చూడాలన్నాను.

"నాను సూత్తాను కదా. బేఫికర్‌గా ఎల్లు నేస్తం."

ఆపరేషన్ మర్నాడు కంటికి కట్టుతో పడుకుని ఉండగా ఒక సంగతి గుర్తొచ్చింది. బయల్దేరేముందు గడియారాన్ని కిటికీ ఎండ తగలకుండా బీరువాలోకి మార్చాను. కదిపేటప్పుడు లోపలి చక్రం దెబ్బతినకుండా రెండు బెండు ముక్కలు దోపి దాన్ని ఆపేయాలి. దోపాను. బయట ఆటోవాడు హారన్ కొడుతుంటే వాటిని తీయడం మరిచిపోయాను. అంటే గడియారం ఆగి అప్పటికి మూడు రోజులు.

నా మతిమరుపుకి నాలుగు తిట్లు తిందామనే ఫోన్ చేశాను.

"గడియారం ఎలాగుంది నేస్తం?"

"ఫస్టుక్లాసుగా నడుత్తంది. ఇయ్యాల రెండు సెకన్లు ముందు. రాసేసినాను."

ఆగిన గడియారం రెండు సెకన్లు ముందుకెలా పోతుంది? పోనీ బెండు చూసి ఆయనే తీసి నడిపించాడేమో అనుకున్నాను. ఆ ఆశతోనే మిగిలిన రోజులన్నీ ఫోన్ చేశాను. రోజూ ఓ అంకె చెప్పాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా బీరువా తీశాను. బెండు ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నోటుబుక్కు లేదు. సాయంత్రం ఆయనే వాళ్లింటి నుంచి తెచ్చిచ్చాడు. పదకొండు రోజులకీ అంకెలు ముత్యాల్లా రాసి ఉన్నాయి. నేను మాట్లాడకుండా పెట్టె మూత ఎత్తి చూపించాను. సిగ్గుపడతాడనుకున్నాను.

"ఎప్పుడూ ఆ రెండు సెకన్లే కదా. రోజూ సూసేదేటి?"

"ఎప్పుడూ అంటే? ఇంతకుముందు కూడా సూడకుండానే రాసేవాడివా?" అన్నాను.

పెట్టె మూత మూసేశాడు. తర్వాత విసుక్కుంటూ, "ఈ ఊళ్లో ఏ జహాజు మునిగిపోతాది నేస్తం?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. వెళ్లిపొమ్మన్నాను. రాలేకపోయానని ఒక్క ముక్క చెబితే ఆ గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి. నమ్మి ఇల్లు అప్పగించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

బెండు తీసి పెట్టెను కాస్త తిప్పగానే గడియారం నడిచింది. పాత నోటుబుక్కులన్నీ ముందేసుకున్నాను. నా తేదీల్లో అంకెలు ఒకటిన్నర, రెండున్నర, రెండు అంటూ ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఆయన తేదీల్లో రెండు, రెండు, రెండు. ఆ అంకెలు చూడటం నాకు కొత్త కాదు. ఆపరేషన్‌కి ఇంకో రెండేళ్లు ఆగొచ్చని డాక్టరు చెప్పినా, ఆయన అంకెల పక్కన నా అంకెలు చూసుకుని, నా చూపే పోతోందనుకుని, నేను కంటిమీద కత్తి పెట్టించుకున్నాను.